ఐఈఎల్‌టీఎస్ రాతలో ఆగిపోతున్న నర్సు ఓఈటీకి మారవచ్చా?

మీరు అడిగిన విషయాన్ని ఇతరులకూ తెలిసేలా ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, ఖమ్మంలోని ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నారు. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలని ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అనే ఇంగ్లీషు భాషా పరీక్ష రెండుసార్లు రాశారు. వినడం, చదవడం, మాట్లాడటం మూడింటిలోనూ 7 లేదా అంతకన్నా ఎక్కువే వచ్చినా, రాతలో మాత్రం రెండుసార్లూ 6 దగ్గరే నిలిచిపోయారు. వైద్య సిబ్బంది కోసమే పెట్టే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ తేలికగా ఉంటుంది, దానికి మారిపొమ్మని తోటి నర్సులు అంటున్నారు. కళాశాల ఇచ్చే ఇంగ్లీషు మీడియం సర్టిఫికెట్ ఉంటే అసలు పరీక్షే అక్కర్లేదని ఒక కన్సల్టెన్సీ చెబుతోంది. వీటిలో ఏది నమ్మాలన్నది మీ ప్రశ్న.

నేను బ్రిటన్‌లో వార్డు నర్సుగా పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడు తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చే నర్సులను ఈ రెండు పరీక్షలకూ సిద్ధం చేస్తున్నాను. కన్సల్టెన్సీ మాట నమ్మకండి. తోటి నర్సుల మాటలో సగం నిజం ఉంది. అయితే మారాలా వద్దా అన్నది, మీకు రాతలో 6 ఎందుకు వస్తోందన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. ఆ కారణం తేల్చుకోకుండా మారినవారు అక్కడా రాతలోనే ఆగిపోవడం నేను తరచుగా చూస్తున్నాను.

ముందు సర్టిఫికెట్ సంగతి. బ్రిటన్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ (ఇక్కడ ఎన్‌ఎంసీ అంటే మన నేషనల్ మెడికల్ కమిషన్ అనుకోకండి) నర్సింగ్ చదువు ఇంగ్లీషులో సాగినందున పరీక్ష నుంచి మినహాయించేది, ఇంగ్లీషు మాట్లాడేవారే అధికంగా ఉన్న దేశాలుగా అది గుర్తించినచోట చదివినవారిని మాత్రమే. ఆ దేశాల్లో భారత్ లేదు. 2023 ఫిబ్రవరిలో నిబంధనలు కొంత సడలిన మాట నిజమే. ఇంగ్లీషులో శిక్షణ పొందిన విదేశీ నర్సులు, పరీక్షలో ఒక్క విభాగంలో అర బ్యాండు (ఐఈఎల్‌టీఎస్ స్కోరును బ్యాండు అంటారు) లేదా ఓఈటీలో అర గ్రేడు తేడాతో ఆగిపోయినవారు, తమ యజమాని ఇచ్చే ధ్రువీకరణను అదనపు ఆధారంగా చూపించుకోవచ్చు. కానీ దానికి గత రెండేళ్లలో కనీసం పన్నెండు నెలలు బ్రిటన్‌లోనే ఆరోగ్య, సంరక్షణ రంగంలో పనిచేసి ఉండాలి. అంటే ఆ వెసులుబాటు ఇప్పటికే అక్కడ హెల్త్‌కేర్ అసిస్టెంట్లుగా ఉన్నవారికి పనికొస్తుంది తప్ప, ఖమ్మంలో డ్యూటీ చేస్తున్న మీకు పనికిరాదు. ఈ నిబంధనలోని మొదటి సగాన్ని మాత్రమే చెప్పి, ముందు కేర్ వర్కర్ వీసా మీద వెళ్లండి, తర్వాత నర్సుగా మారిపోవచ్చు అనే ఏజెంట్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ వీసాకు విదేశాల నుంచి కొత్తగా దరఖాస్తు చేసుకునే అవకాశాన్ని బ్రిటన్ 2025 జూలై 22న మూసివేసింది. మీ కన్సల్టెన్సీ ఆ దారి గురించి మాట్లాడుతుంటే సంభాషణ అక్కడితో ముగించవచ్చు.

ఇక మార్కుల లెక్క. ఐఈఎల్‌టీఎస్‌లో ఆ కౌన్సిల్ కోరేది మొత్తం మీద 7, విడివిడిగా వినడం, చదవడం, మాట్లాడటంలో 7, రాతలో 6.5. రాతకు మొదట 7 అడిగేవారు, 2018 చివర్లో దాన్ని 6.5కు తగ్గించారు. మొత్తం స్కోరు నాలుగు విభాగాల సగటు. మూడు ఏడులూ ఒక ఆరున్నరా కలిపితే 27.5, దాన్ని నాలుగుతో భాగిస్తే 6.875, అది 7గా లెక్కకు వస్తుంది. కాబట్టి మొత్తం స్కోరు గురించి మీరు దిగులు పడనక్కర్లేదు. ఓఈటీలో అయితే వినడం, చదవడం, మాట్లాడటంలో బీ గ్రేడు, అంటే 500కు 350, రాతలో సీ ప్లస్, అంటే 300 చాలు.

చాలామంది పట్టించుకోని నిబంధన మరొకటి ఉంది. పన్నెండు నెలల వ్యవధిలో రాసిన ఒకే రకం పరీక్షల రెండు ఫలితాలను కలిపి చూపించుకోవచ్చు. రెండింటిలో కలిపి ప్రతి విభాగంలోనూ కావలసిన స్కోరు ఉండాలి, ఏ ఫలితంలోనూ ఏ విభాగమూ నిర్ణీత స్కోరుకు అర బ్యాండు కంటే కిందికి పోకూడదు. ఐఈఎల్‌టీఎస్‌లో దీనర్థం, రాతలో 6 కన్నా, మిగిలిన మూడింటిలో 6.5 కన్నా తగ్గకూడదు. మీ విషయానికి అన్వయించి చూడండి. మీ రెండో పరీక్ష జరిగి ఇంకా ఏడాది కాకపోతే, మూడోసారి రాతలో 6.5 తెచ్చుకుని, ఆ రోజు వినడంలోనో చదవడంలోనో 6.5కు జారినా మీ పని అయిపోతుంది. ఓఈటీకి మారితే ఇప్పటివరకు సంపాదించుకున్న ఏడులన్నీ పక్కన పెట్టి మొదటినుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే ఐఈఎల్‌టీఎస్ ఫలితాన్ని ఓఈటీ ఫలితంతో కలపనివ్వరు. అందువల్ల మీ రెండో పరీక్ష తేదీని ముందు చూసుకోండి. ఆ పరీక్ష జరిగి ఆరు వారాలు దాటకపోతే పునఃపరిశీలన కోరే అవకాశం కూడా ఉంటుంది. స్కోరు మారితే దానికి కట్టిన రుసుము తిరిగి ఇస్తారు. మీకు కావలసింది అర బ్యాండే కాబట్టి, తాజా పరీక్షలో రాత బాగా రాశానని మీకు గట్టి నమ్మకం ఉంటేనే ఆ ఖర్చు పెట్టండి.

ఇప్పుడు అసలు ప్రశ్న: మీకు రాతలో 6 ఎందుకు వస్తోంది? ఐఈఎల్‌టీఎస్ రాతను నాలుగు కోణాల నుంచి సమానంగా తూచి చూస్తారు. అడిగినదానికి జవాబిచ్చారా, ఆలోచన ఒక వరుసలో సాగిందా, పదసంపద ఎలా ఉంది, వ్యాకరణం ఎంత వైవిధ్యంగా, ఎంత తప్పుల్లేకుండా ఉంది అన్నవి ఆ నాలుగు. ఫలితాల పత్రంలో ఈ విడివిడి మార్కులు కనిపించవు, ఒక్క అంకె మాత్రమే ఉంటుంది. అందుకే కోచింగ్ సెంటర్లలో అందరికీ ఒకే మందు రాస్తారు. అమీర్‌పేట సందుల్లో చేతులు మారే టెంప్లేట్ల సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఏ విషయం ఇచ్చినా ‘ఇన్ దిస్ మోడర్న్ ఎరా’ అని మొదలుపెట్టి, రెండు లాభాలు, రెండు నష్టాలు రాసి, చివరికి రెండూ ఉన్నాయని తేల్చే వ్యాసం అది. పరీక్షకులు రోజూ అలాంటివి చూస్తూనే ఉంటారు. బట్టీపట్టిన వాక్యాలకు విలువ ఇవ్వవద్దన్నది వారికున్న సూచన కూడా. పైగా వ్యాసంలో సగం టెంప్లేటైతే, మీ సొంత ఆలోచన చూపించడానికి మిగిలేది కొద్ది పదాలే.

కారణం ఏదో తెలుసుకోవడానికి నేను చేయించే పని ఇది. ఈ వారం మీరు చూసుకున్న ఒక రోగి గురించి, పేరూ గుర్తుపట్టే వివరాలూ లేకుండా, వేరే ఆస్పత్రి నర్సుకు ఇంగ్లీషులో ఒక పేజీ ఉత్తరం రాయండి. నలభై నిమిషాలకు మించి తీసుకోకండి, నిఘంటువు చూడకండి. దాన్ని మీరు ఐఈఎల్‌టీఎస్ కోసం రాసిన ఒక సాధన వ్యాసం పక్కన పెట్టి, ఇంగ్లీషు బాగా తెలిసినవారి చేత రెండింటిలోనూ వ్యాకరణ దోషాలను మాత్రం గుర్తు పెట్టించండి. ఉత్తరంలో దోషాలు బాగా తగ్గి, వాక్యాలు తడబడకుండా సాగితే మీ ఇబ్బంది వ్యాసంలో, అంటే పట్టణీకరణ మీదో కళలకు ప్రభుత్వ సాయం మీదో అభిప్రాయం వెతుక్కుని దాన్ని సమర్థించడంలో ఉందని అర్థం. అప్పుడు ఓఈటీ మీకు నిజంగా మేలు చేస్తుంది. దోషాలు రెండింటిలోనూ ఒకేలా ఉంటే, క్రియాకాలాలూ ఏకవచన బహువచనాలూ ఆర్టికల్సూ రెండుచోట్లా తప్పుతుంటే, ఏ పరీక్షకు వెళ్లినా అవి మీ వెంటే వస్తాయి. అలాంటివారు రెండు నెలలు వ్యాకరణం మీద కూర్చోవడమే దగ్గరి దారి. ఆసక్తి లేని పని కాబట్టి ఎవరూ దీన్ని ఒప్పుకోరు, కోచింగ్ సెంటర్లు చెప్పనూ చెప్పవు.

మీరు మారాలనే నిర్ణయానికి వస్తే ఓఈటీ గురించి తెలుసుకోవలసినవి చాలా ఉన్నాయి. అది 1980ల చివర్లో ఆస్ట్రేలియాలో, వలస వచ్చే వైద్య సిబ్బంది కోసం రూపుదిద్దుకున్న పరీక్ష. ఇప్పుడు నర్సింగ్, వైద్యం, ఫార్మసీ, ఫిజియోథెరపీ మొదలుకొని పశువైద్యం వరకు పన్నెండు వృత్తులకు నిర్వహిస్తున్నారు. వినడం, చదవడం అందరికీ ఒకటే, రాత, మాట మాత్రం ఎవరి వృత్తికి వారివి. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ 2017 చివర్లో దీన్ని అంగీకరించింది. ఆ తర్వాతే మన దగ్గర ‘ఓఈటీ తేలిక’ అన్న మాట పుట్టింది. విషయం మనకు పరిచితమైనదే, నిజమే. ఐసీయూలో రోజూ వినే పదాలే కాగితం మీదా కనిపిస్తాయి. కానీ అది మీ నర్సింగ్ జ్ఞానాన్ని పరీక్షించదు. తెలిసిన విషయాన్ని ఎదుటివారికి అవసరమైనంతే, వారికి అర్థమయ్యేలా చెప్పగలరా అని చూస్తుంది. మన ఆస్పత్రులు మనకు అలవాటు చేసిన రాత దీనికి నేరుగా ఎదురు నిలుస్తుంది.

రాత విభాగాన్ని కొంచెం దగ్గర నుంచి చూద్దాం. మొత్తం 45 నిమిషాలు, అందులో మొదటి ఐదు చదవడానికే, ఆ సమయంలో రాయనివ్వరు. కేస్ నోట్స్ ఇచ్చి, ఫలానావారికి ఉత్తరం రాయమంటారు. నేను సాధన కోసం తయారుచేసిన ఒక నమూనా చెబుతాను. రోగి 72 ఏళ్ల వృద్ధురాలు. ఇంట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది, శస్త్రచికిత్స జరిగింది, ఈ రోజు డిశ్చార్జ్. టైప్ 2 మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. పెన్సిలిన్ పడదు. చిన్నప్పుడు అపెండిక్స్ తీశారు. ఆపరేషన్ తర్వాత రెండో రోజు కొద్దిగా జ్వరం వచ్చి పారాసిటమాల్‌తో తగ్గింది. రక్తం గడ్డకట్టకుండా ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్ రోజూ వేసుకోవాలి, కానీ తనంతట తాను వేసుకోవడానికి చేయి వణుకుతోంది. గాయానికి వేసిన క్లిప్పులు పద్నాలుగో రోజున తీయాలి. భర్త చనిపోయారు, ఒంటరిగా ఉంటారు, కూతురు వారాంతంలో వచ్చి వెళుతుంది. తోటపని ఇష్టం. వాకర్‌తో నడుస్తున్నారు. ఉత్తరం రాయవలసింది ఇంటికి వచ్చి చూసే డిస్ట్రిక్ట్ నర్సుకు.

మన నర్సుల్లో ఎక్కువమంది దీన్ని చేరిన తేదీ నుంచి మొదలుపెట్టి రోజువారీగా, కేస్ షీటును ఇంగ్లీషు వాక్యాలుగా విడదీసినట్లు రాసుకుపోతారు. రెండో రోజు జ్వరం వస్తుంది, వైటల్స్ స్టేబుల్ అవుతాయి, డాక్టరుకు ఇన్‌ఫార్మ్ చేస్తారు, అపెండిక్స్ కూడా ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. ఇంజెక్షన్ సంగతి రెండో పేజీలో, అదీ ఒక్క ముక్కలో వస్తుంది. ఇంకో రెండు గంటల్లో ఆ ఇంటి తలుపు తట్టబోయే నర్సు మొదట తెలుసుకోవలసింది అదే కదా. మొదటి పేరాలోనే, ఈమెకు తుంటి శస్త్రచికిత్స అయింది, ఈ రోజు ఇంటికి పంపుతున్నాం, రోజూ ఇంజెక్షన్ వేయడానికీ గాయం చూడటానికీ మీ సాయం కావాలి అని తేలిపోవాలి. పరీక్షకులు వేసే ఆరు రకాల మార్కుల్లో మొట్టమొదటిది సరిగ్గా ఇదే: ఉత్తరం ఎందుకు రాశారో చదివేవారికి వెంటనే తెలిసిందా లేదా అని. దీనికి మూడు మార్కులే, మిగిలిన ఐదింటికీ ఏడేసి. అయినా ఇది కుదిరితే మిగిలినవి వాటంతట అవే దారిలో పడతాయి.

తర్వాతి పని వదిలిపెట్టడం. అపెండిక్స్ వద్దు, తోటపని వద్దు. రెండో రోజు జ్వరం వద్దు, తగ్గిపోయింది కాబట్టి. పెన్సిలిన్ తప్పకుండా ఉండాలి. గాయానికి ఇన్‌ఫెక్షన్ వస్తే రేపు ఎవరో ఒకరు యాంటీబయాటిక్ రాస్తారు. మధుమేహం ఉండాలి, గాయం మానడానికి దానితో సంబంధం ఉంది కాబట్టి. ఆ సంబంధాన్ని ఒక వాక్యంలో మీరే చెప్పాలి, చదివేవారికి వదిలేయకూడదు. ఒంటరిగా ఉండటం, కూతురు వారాంతంలో మాత్రమే రావడం తప్పనిసరి, ఎందుకంటే మిగిలిన ఐదు రోజుల ఇంజెక్షన్ల బాధ్యత అక్కడినుంచే వస్తోంది. ఇవే నోట్స్ ఇచ్చి ఫిజియోథెరపిస్టుకు రాయమంటే ఈ ఎంపిక మొత్తం మారుతుంది. వాకరూ, ఇంట్లో జారిపడిన సంగతీ ముందుకొచ్చి, క్లిప్పుల తేదీ వెనక్కి పోతుంది. నా దగ్గరికి వచ్చేవారి చేత ఒకే నోట్స్‌కు ఇద్దరు వేర్వేరు వ్యక్తులకు ఉత్తరాలు రాయిస్తాను. పది కొత్త నమూనాలు రాసినదానికన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుంది.

ఉత్తరం 180 నుంచి 200 పదాల మధ్య ఉండాలంటారు. అది సూచన మాత్రమే, రెండు వందల పదో పదానికి ఎవరూ మార్కు కోయరు. అయితే 280 పదాలకు చేరిందంటే, అవసరం లేనిది అందులో చేరిందనే అర్థం, కోత ఆ లెక్కన పడుతుంది. బీడీ (రోజుకు రెండుసార్లు), టీడీఎస్ (మూడుసార్లు), స్టాట్ (వెంటనే) వంటి మన వార్డు పొట్టి రాతలను పూర్తి మాటల్లో రాయండి. ‘కైండ్‌లీ డూ ద నీడ్‌ఫుల్’ మన కార్యాలయాల ఉత్తరాలకు బాగుంటుంది, ఇక్కడ వద్దు. ‘సిన్స్ టూ డేస్’, ‘డిస్కస్డ్ అబౌట్’, ‘ఇన్‌ఫార్మ్‌డ్ టు’ అనేవి తెలుగు నర్సుల ఉత్తరాల్లో నేను దిద్దే దోషాల్లో ముందు వరసలో ఉంటాయి. నోట్స్‌లో ముక్కలుగా ఉన్నదాన్ని యథాతథంగా ఎత్తి రాయడం కూడా కనిపిస్తుంది, దాన్ని వాక్యంగా మార్చే పని మీదే.

మాట్లాడే విభాగంలో ఐఈఎల్‌టీఎస్‌లో 7 వచ్చింది కాబట్టి ఇక్కడా బీ వస్తుందని అనుకోకండి. ఇక్కడ రెండు సన్నివేశాలుంటాయి, ఒక్కొక్కటి ఐదు నిమిషాలు, ముందు మూడు నిమిషాల తయారీ. మీరు నర్సు, ఎదురుగా ఉన్నవారు రోగిగానో బంధువుగానో నటిస్తారు. ఆ సంభాషణను రికార్డు చేసి, తర్వాత వేరే పరీక్షకులు విని మార్కులేస్తారు. అంటే ఎదుటి వ్యక్తి ముఖం చూసి మీ ఫలితాన్ని ఊహించుకోవడం దండగ. భాషకు నాలుగు రకాల మార్కులు. రోగితో వ్యవహరించిన తీరుకు ఐదు: పరిచయం ఎలా పెంచుకున్నారు, రోగి దృష్టిని అర్థం చేసుకున్నారా, మాటలకు ఒక వరుస ఉందా, వివరాలు ఎలా రాబట్టారు, ఎలా చెప్పారు అన్నవి.

ఒక సన్నివేశం ఊహించండి. మీ కార్డులో, యాభై ఏళ్ల వ్యక్తికి ఇన్సులిన్ మొదలుపెట్టాలి, ఆయన ఒప్పుకోవడం లేదు, కారణం తెలుసుకుని వివరించండి అని ఉంది. మన నర్సులు ఊపిరి తీసుకోకుండా ఇన్సులిన్ ఎలా పనిచేస్తుందో, వేసుకోకపోతే కిడ్నీలూ కళ్లూ ఎలా పోతాయో మూడు నిమిషాలు చెబుతారు. ఇంగ్లీషు చక్కగానే ఉంటుంది. కానీ ఎదుటివారి కార్డులో, మీకు కనిపించని ఒక మాట ఉంది: ఆయన అన్నకు ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్నాళ్లకే కాలు తీసేశారు, ఆ మందువల్లే కాలు పోయిందని ఆయన నమ్మకం. మీరు అడిగితేనే అది బయటకు వస్తుంది. ‘ఇన్సులిన్ అనగానే మీకు ఏది ఇబ్బందిగా అనిపిస్తోంది?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగి, ‘మీ అన్నగారి విషయంలో అలా జరిగాక భయం ఉండటం సహజమే’ అన్నాక, అప్పుడు వివరణ మొదలుపెట్టాలి. అంతా ఒకేసారి కుమ్మరించకుండా ఒక్కో విషయం చెప్పి, అర్థమైందా అని ఆయన మాటల్లోనే చెప్పించుకోవాలి. మన జనరల్ వార్డుల్లో ఒక్క నర్సుకు అప్పగించే మంచాల లెక్కలో ఇలా ఆగి వినే తీరిక ఎవరికీ ఉండదు. ‘వేసుకోవాలి బాబాయ్, డాక్టరుగారు చెప్పారు’ అని ముందుకు సాగిపోతాం. అది ఎవరి తప్పూ కాదు, కానీ ఆ అలవాటు పరీక్షకు వస్తే మార్కులు పోతాయి. బ్రిటన్ వార్డుకు వస్తే ఫిర్యాదులకు దారితీస్తుంది.

ఉచ్చారణ గురించి ఎక్కువ ఆందోళన వద్దు. తెలుగు యాస ఉన్నందుకు మార్కులు తగ్గవు, కృత్రిమంగా బ్రిటిష్ యాస పట్టుకున్నవారే అర్థం కాకుండా పోతారు. వేగం తగ్గించి, పదంలో ఏ అక్షరం మీద ఒత్తు పడాలో చూసుకుంటే చాలు. హైపర్‌టెన్షన్ అనకుండా హై బ్లడ్ ప్రెషర్ అనండి, రోగితో మాట్లాడేటప్పుడు వైద్య పదాలు వాడటం కూడా లోపం కిందికే వస్తుంది.

వినడం, చదవడం మీకు ఇప్పటికే బాగున్నాయి కాబట్టి రెండు తేడాలు చెప్పి ముందుకు వెళతాను. ఓఈటీలో ఈ రెండింటికీ 42 ప్రశ్నల చొప్పున ఉంటాయి, ఆడియో ఒక్కసారే వినిపిస్తుంది. చదివే విభాగంలో మొదటి భాగం ప్రత్యేకమైనది: నాలుగు చిన్న పాఠాలు, 20 ప్రశ్నలు, 15 నిమిషాలు, ఆ గడువు తీరాక వెనక్కి వెళ్లనివ్వరు. ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం గంటను మన ఇష్టం వచ్చినట్లు పంచుకునే అలవాటున్నవారు ఇక్కడ దెబ్బతింటారు. పాఠాలను పూర్తిగా చదవడానికి కూర్చోకండి, మోతాదు ఏ పాఠంలో ఉంది, పట్టిక ఏ పాఠంలో ఉంది అని శీర్షికలు చూసుకుని నేరుగా వెతకండి. ఆ భాగంలో జవాబు అక్షరదోషం లేకుండా ఉండాలి, ఎందుకంటే పదం కళ్లెదుటే ఉంది. వినే విభాగంలో నోట్సు పూరించేచోట, పదం ఏదో స్పష్టంగా తెలుస్తుంటే చిన్న అక్షరదోషాన్ని మన్నిస్తారు. ఐఈఎల్‌టీఎస్ వినే విభాగంలో ఆ మన్నింపు లేదు.

ఈ జవాబు డాక్టర్లూ, వేరే దేశాలకు వెళ్లాలనుకునేవారూ చదవవచ్చు కాబట్టి రెండు ముక్కలు. బ్రిటన్ జనరల్ మెడికల్ కౌన్సిల్ డాక్టర్లను ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం 7.5, ఏ విభాగంలోనూ 7కు తగ్గకుండా అడుగుతుంది, లేదా ఓఈటీలో నాలుగింటిలోనూ బీ. అమెరికా రెసిడెన్సీకి వెళ్లే మన ఎంబీబీఎస్ విద్యార్థులకు, అక్కడి వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈలో క్లినికల్ స్కిల్స్ పరీక్షను 2021లో రద్దుచేశాక, ఓఈటీ మెడిసిన్ తప్పనిసరి అయింది. అక్కడ ఐఈఎల్‌టీఎస్ ప్రత్యామ్నాయం లేదు. అదే అమెరికాకు వెళ్లే నర్సులకు వీసాస్క్రీన్ (వీసాకు ముందు అర్హతలు సరిచూసి ఇచ్చే ధ్రువపత్రం) కోసం ఐఈఎల్‌టీఎస్ కూడా చెల్లుతుంది, అక్కడ పట్టుబట్టి చూసేది మాట్లాడటాన్ని. జర్మనీకి వెళ్లేవారికి ఈ రెండూ అక్కర్లేదు, జర్మన్ భాషలో బీ2 స్థాయి కావాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు ఆ శిక్షణ ఇప్పించి పంపుతోంది, బ్రిటన్ తలుపులు ఇరుకవుతున్న ఈ రోజుల్లో దాన్నీ ఒకసారి పరిశీలించండి.

ఇరుకవుతున్నాయని ఎందుకన్నానంటే, 2024 నుంచి అక్కడి ప్రభుత్వ ఆస్పత్రులు విదేశీ నర్సుల నియామకాలను బాగా తగ్గించాయి. కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టేనాటికి మీ ఫలితం రెండేళ్లలోపుది అయి ఉండాలి. పరీక్ష పాసై, మిగిలిన కాగితాలకు కదలిక లేకుండా ఆ రెండేళ్లూ గడిపేసి, మళ్లీ పరీక్ష రాసినవారు నాకు తెలుసు. మీ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ నుంచి వెళ్లవలసిన ధ్రువీకరణ ఎక్కువ కాలం పట్టే పని, పరీక్షకు చదువుతుండగానే దాన్ని మొదలుపెట్టండి. నమోదు కోసం కౌన్సిల్ పెట్టే, కంప్యూటర్ మీద రాసే వృత్తి పరీక్ష మన దేశంలోనే రాయవచ్చు, దాని తర్వాతి ప్రాక్టికల్ పరీక్ష మాత్రం బ్రిటన్ వెళ్లాకే. ఇంగ్లీషు పరీక్ష పాసైన నర్సుకు వీసా కోసం మళ్లీ వేరే భాషా పరీక్ష అడగరు.

డబ్బు విషయం. పరీక్ష రుసుమును పరీక్ష నిర్వహించే సంస్థ వెబ్‌సైటులో మీరే, మీ కార్డుతోనే కట్టండి. ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర ఫీజు తీసుకోకూడదని బ్రిటన్ ప్రభుత్వ నియామక నియమావళి స్పష్టంగా చెబుతోంది, కాబట్టి లక్షల్లో ‘ప్లేస్‌మెంట్ చార్జీ’ అడిగే ఏజెన్సీ ఆ నియమావళి పాటించేది కాదు. మీ బదులు వేరొకరిని కూర్చోబెడతామనీ, గ్యారంటీగా స్కోరు తెప్పిస్తామనీ అనేవారి జోలికి అసలు పోకండి. 2023లో నైజీరియాలోని ఇబాదాన్‌లో ఒక కేంద్రంలో నర్సులు రాసిన ఆ కంప్యూటర్ వృత్తి పరీక్షలు, నమ్మలేనంత తక్కువ సమయంలో పూర్తయినందుకే అనుమానంలో పడ్డాయి. అప్పటికే బ్రిటన్‌లో ఉద్యోగాల్లో చేరినవారు కూడా విచారణ ఎదుర్కోవలసి వచ్చింది.

పరీక్ష బుక్ చేసేముందు పేరు సరిచూసుకోండి, తెలుగువారికి ఇది ప్రత్యేకమైన తలనొప్పి. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక అక్షరంగా ఉంటుంది, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్లో పూర్తిగా ముందుంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగానో, తండ్రి పేరుతోనో, పెళ్లయ్యాక భర్త ఇంటిపేరుతోనో ఉంటుంది. పరీక్షకు పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్లే నమోదు చేసుకోవాలి, కేంద్రంలో చూసేది ఆ పత్రాన్నే. మిగిలిన సర్టిఫికెట్లలో తేడాలుంటే, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని తెలిపే అఫిడవిట్‌ను, పెళ్లి తర్వాత పేరు మారినవారైతే వివాహ ధ్రువపత్రాన్ని కూడా ఇప్పుడే సిద్ధం చేసుకోండి. పాస్‌పోర్టే సవరించుకోవలసి వస్తే ఆ పని పరీక్షకు ముందే పూర్తిచేయండి. పాత పాస్‌పోర్టు పేరుతో వచ్చిన ఫలితాన్ని కొత్త పేరుతో పెట్టిన దరఖాస్తుకు జతచేస్తే వివరణల ఉత్తరాలు మొదలవుతాయి, ఆ ఉత్తరాలు నడుస్తున్నంతసేపూ మీ రెండేళ్ల గడువు కూడా నడుస్తూనే ఉంటుంది.